పద్దెనిమిది గేజ్ రేకు

నిన్న చిక్కడపల్లిలో బాల్కనీ తలుపు చేయించడానికి వెళ్తే, షాపతను అల్యూమినియం రేకును వేలితో తట్టి, "పద్దెనిమిది గేజ్ అక్క, ఇనుము లెక్కనే ఉంటది" అన్నాడు. ఆ పలచని మోత వినగానే యాదగిరి గారు గుర్తొచ్చారు.

నారాయణగూడలో ఆయనకు బీరువాలు, పుస్తకాల అరలు చేసే వర్క్‌షాపు ఉండేది. బీఎస్సీ అయిన కొత్తలో అక్కడ ఆర్డర్లు రాయడానికి చేరాను. అప్పటికే నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. మర్యాదగా మాట్లాడేవాళ్ల మీద అసలే లేదు.

అశోక్‌నగర్‌లోని ఒక రీడింగ్ రూమువాళ్లు ఇనుప అరలు బరువని అల్యూమినియంవి అడిగారు. పాత ఆర్డరులో లోహం పేరు మాత్రం మార్చి, పద్దెనిమిది గేజ్ అన్నది అలాగే రాశాను. తయారైన అరల మీద పుస్తకాలు పెట్టి చూస్తే నడుమ వంగాయి. రేకు చేతికి పలచగా తగిలింది. రేకులు తెచ్చేది సలీం భాయ్, షాపులో అందరికంటే పాతవాడు. మంచి రేకు మార్చేసి పలచది తెచ్చాడని అందరి ముందూ అనేశాను. ఆయన వాదించలేదు. అదే నాకు రుజువనిపించింది. టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకొని, యాదగిరి గారితో "దొంగ అనిపించుకున్న కాడ పని చెయ్య సేఠ్" అన్నాడు.

యాదగిరి గారు ఆయన్ను ఆగమన్నారు. నన్ను తిట్టలేదు. రేకు మందం కొలిచే మైక్రోమీటర్ చేతిలో పెట్టారు. "అనుమానపడు బిడ్డా, తప్పులేదు. గాని జర కొలిచి అనుమానపడు."

పద్దెనిమిది గేజ్ ఇనుప రేకు ఒకటి పాయింటు రెండు మిల్లీమీటర్లుంది. అల్యూమినియం ఒకటి దగ్గరే ఆగింది. గెలిచాననుకున్నాను. అప్పుడాయన గోడ మీది గేజ్ పట్టిక చూపించారు. గేజ్ నంబరు పెరిగితే రేకు పలచనవుతుందని నాకు తెలుసు. అదే నంబరుకు ఒక్కో లోహంలో ఒక్కో మందమని తెలియదు. అల్యూమినియం వరుసలో పద్దెనిమిదికి ఎదురుగా ఒకటే ఉంది. పట్టికనూ నమ్మనన్నాను. వేరే షాపు నుంచి ముక్క తెప్పించి కొలవమన్నారు. అదీ ఒకటే. సలీం భాయ్ నేను రాసిందే తెచ్చాడు.

"అందరి ముందల అన్నవ్. అందరి ముందలనే చెప్పు" అన్నారు.

తప్పు నా రాతదేనని చెప్పాను. అంత చిన్న మాటకు అంతసేపు ఎప్పుడూ పట్టలేదు నాకు. సలీం భాయ్ డబ్బా మళ్లీ అలమారలో పెట్టి, "ఇగ గేజ్ ఒక్కటే కాదు మేడమ్, మందం గూడ రాయుండ్రి" అన్నాడు.

ఆ ఆర్డరు కింద యాదగిరి గారి సంతకమూ ఉంది. చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. నా తప్పును కావాలనే వదిలేశారా? అడుగుదామంటే ఇప్పుడాయన లేరు. కొలిచి తేల్చుకోలేని అనుమానం నాకు అదొక్కటే మిగిలింది.

నిన్న హ్యాండ్‌బ్యాగులోంచి మైక్రోమీటర్ తీస్తుంటే షాపతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నమ్మకం లేదా అక్క?"

"లేదు తమ్ముడూ. కానీ నిన్నింకా ఏమీ అనలేదు కదా, కొలవనీ."