సెలూన్‌లో చరిత్ర పాఠం

కుర్చీలో కూర్చున్నవారి మెడకు గుడ్డ కట్టగానే సెలూన్ మామయ్య వాళ్ల చేతిలో పదో తరగతి చరిత్ర పుస్తకం పెడతాడు. దుకాణం మూస్తే ఇల్లు గడవదు కనుక ఆయన పరీక్ష చదువంతా ఇక్కడే. వాళ్లు ప్రశ్న అడగాలి. జవాబు పూర్తయ్యేదాకా ఆయన కత్తెర ఆగదు. చరిత్రలో ఒకసారి తప్పాడు. ఈసారీ పోతే ఇక పుస్తకం ముట్టనని భార్యకు మాటిచ్చాడు. పరీక్షకు ముందురోజు, కొడుకు పెళ్లికని క్రాఫు చేయించుకోవడానికి వచ్చిన బస్సు డ్రైవరు ప్రపంచ యుద్ధానికి కారణాలు అడిగాడు. మామయ్య నాలుగు గడగడా చెప్పాడు. అయిదోది నాలుక చివర ఆడుతోందే గాని బయటికి రావడం లేదు.

"బావా, దాన్ని వదిలెయ్. నా తలనీ వదిలెయ్."

"ఉండు బావా, వచ్చేస్తోంది."

అది వచ్చేసరికి నెత్తిన వెంట్రుక మిగల్లేదు. పెళ్లి ఫొటోలన్నిట్లోనూ డ్రైవరు టోపీతోనే ఉన్నాడు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. మామయ్య ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. జుట్టు పలచబడ్డవాళ్లు ఒక మార్కు ప్రశ్నల రోజు కనుక్కుని వస్తున్నారు.