ముత్యాలు తిట్టిన కంప్యూటర్

మలేషియాలోని క్లాంగ్ పట్నంలో ముత్యాలు తిట్టని వస్తువు ఇంకా తయారు కాలేదు. మనుషుల్ని పల్లెత్తు మాట అనడు. తను తోలే స్కూలు వ్యానులో పిల్లలు వీపుకి బబుల్‌గమ్ అంటించినా నవ్వుతాడు. కొత్త వస్తువు కంటబడిందా, ఇక దాని పని అయిపోయినట్టే. కింది పెదవి ఓ పక్కకి లాగి, ముక్కు ఎగరేసి, "సీ! ఇదీ ఒక కారేనేటి?" అంటాడు. కారు అన్నచోట ఫ్రిజ్, పెళ్ళి, దురియన్ పండు, మీకు తోచింది పెట్టుకోవచ్చు.

హోటల్లో పెళ్ళి శుభలేఖ వస్తే, "అన్నం తినడానికి లిఫ్టెక్కాలేటి?" అన్నాడు. వీధి వీధంతా లంకావీ ద్వీపం చూడ్డానికి పోతే, ఇంటి పట్టున ఉండిపోయిన పొరుగింటి ఎర్రమ్మ గేటు దగ్గర తను నిలబడి, "సుట్టూ నీళ్ళు, మద్దిన మనం. దానికి టిక్కెట్టొకటా? మొన్న వరదొచ్చినప్పుడు మన యీదిలో ఊరికే సూసినాం కదా!" అని లంకావీని మళ్ళీ నీళ్ళలో ముంచేశాడు. ఎర్రమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని కంప్యూటర్ కొనడానికి వెళ్ళడమంటే పెళ్ళి మాటలకి శత్రువుని పెద్దమనిషిగా తీసుకెళ్ళడమే. అంబిగ గొడవ ఇదే.

అంబిగ ముత్యాలు చెల్లెలు ఇందిర కూతురు. ఆర్కిటెక్చర్ డిప్లొమాలో సీటొచ్చింది. కంప్యూటర్లో ఇళ్ళు గీసి, గోడలు నిలబెట్టి, నీడలు కూడా పడేలా చెయ్యాలి. మామూలు కంప్యూటర్ అంత బరువు మొయ్యదు, గ్రాఫిక్స్ కార్డుండాలి. ఆ కార్డుంటే కార్ల పందెం ఆట కూడా బ్రహ్మాండంగా ఆడుకోవచ్చు. ఈ రెండో సంగతి అంబిగ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

ఆ పిల్ల మనసులో ఏడాదిగా ఒకటే యంత్రం. పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు, చల్లబరచడానికి నీళ్ళ గొట్టాలు, జతగా పందెం కారులోంచి ఊడబెరికినట్టున్న ఎర్ర కుర్చీ. ఫోను తెరిస్తే దాని బొమ్మే. తండ్రి అచ్చయ్య రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కూతురు అడిగినదానికి కాదనడం ఆయనకి పుట్టుకతోనే రాలేదు. అందుకే ఇందిర కచ్చితంగా చెప్పేసింది: "మా అన్నయ్యని తీసుకునే ఎల్లండి. లేదంటే ఈయన మొగమాటానికి షాపుతో సహా కొనేసి వస్తాడు."

శనివారం ముగ్గురూ రైలెక్కి కౌలాలంపూర్ వచ్చారు. అక్కణ్ణించి మోనోరైలు. "ఒంటి పట్టా మీద రైలేటి? రెండోదానికి ఇనుం సాల్లేదా?" అన్నాడు ముత్యాలు. అంబిగ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అంతస్తు మీద అంతస్తుగా కంప్యూటర్లే అమ్మే మాల్‌లో అంబిగ తను కలలుగన్న షాపు వైపు దూసుకెళ్ళింది. ముత్యాలు గాభరాగా అడ్డుపడ్డాడు.

"అటు కాదు గుంటా, ఇటు పద!"

"అదే షాప్ మావా. నాకు తెలుసు లా," అంది అంబిగ, అక్కడి వాడుకలో మాట చివర 'లా' తగిలించి.

లోపల అడుగుపెట్టగానే సేల్స్‌మన్ కుర్రాడు కవిన్ రెండు చేతులూ చాచి, మొహమంతా నవ్వు చేసుకుని, "వాంగ అంకుల్, వాంగ!" అని తమిళంలో ఆహ్వానించాడు. ఆ అంకుల్ ఎవరా అని ముత్యాలు వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల గోడ ఉంది.

షాపు నడిమధ్యలో ఆ యంత్రం ధగధగలాడుతోంది. అచ్చయ్య ధర చీటీ చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అంత ఏసీలోనూ నుదుట చెమట పట్టింది. కూతురి మొహం ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "నెలనెలా కట్టొచ్చా తమ్ముడూ?" అన్నాడు నెమ్మదిగా.

అంబిగ గుండె గంతేసింది. సరిగ్గా అప్పుడే ముత్యాలు పెదవి పక్కకి జరిగింది.

"సీ! ఇదీ ఒక కంప్యూటరేనేటి? ఈ అద్దమెందుకు బాబూ?"

"లోపలంతా కనబడుతుంది అంకుల్."

"పేగులు సూసి ఏటి సేస్తాం? ఆ లైట్లేటి? తైపూసం పండగ రథానికి కూడా ఇన్నుండవు! ఈ గొట్టాల్లో నీళ్ళా? కరెంటు పెట్టెలో నీళ్ళు పోసినావా? ఇంకెందుకు, రెండు సేపల్ని కూడా వొదిలెయ్యి. ఇన్ని ఫ్యాన్లా? మా ఇంట్లో నలుగురం ఒక్క ఫ్యాను కింద తొంగుంటన్నాం, ఈ డబ్బాకి అంత ఉక్కపోతేటి? ఆ కుర్చీ సూడు బావా! మన అమ్మి సదువుకుంటాదా, యిమానం తోలుతాదా?"

పక్క కౌంటర్ల వాళ్ళు కూడా ఇటు తిరిగి నవ్వుతున్నారు. కవిన్ యంత్రాన్నీ ముత్యాలునీ మార్చి మార్చి చూశాడు. అంబిగకి భూమి చీలి లోపలికి పోవాలనిపించింది.

"మావా, చాలు లా! నీకు ఏటి తెలుసు?"

"నాకేటీ తెలీదమ్మీ. తెలీనోడికే ఇంత అసయ్యంగా ఉంటే, తెలిసినోళ్ళకెలాగుంటాదో!"

అచ్చయ్య పకాలున నవ్వాడు. షాపులోకి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. "బావ సెప్పింది నిజమే. ఆ కుర్చీలో కూకుంటే నడుం పోతాది," అని, జేబులోకి వెళ్ళిన చెయ్యి ఊరికే బయటికి తీసుకున్నాడు.

ముత్యాలు అప్పుడే చూసినట్టు మూలకి వేలు చూపించాడు. "అదేటి?"

అది ఏదో ఆఫీసువాళ్ళు వాడి వదిలేసిన నల్ల డబ్బా. అద్దం లేదు, లైటు లేదు. వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేసి, మెమరీ పెంచితే చాలన్నాడు కవిన్. అంబిగ మూతి ముడుచుకునే ప్రశ్నలు వేసింది. ఇళ్ళు గీసే సాఫ్ట్‌వేర్ నడుస్తుందా? నడుస్తుంది. నీడలు పడతాయా? పడతాయి. పందెం ఆట? దానికి కవిన్ గొంతు తగ్గించాడు. "నడుస్తుంది. రోడ్డు పక్క గడ్డి కాస్త తక్కువ పచ్చగా కనబడుతుంది, అంతే." ఎంత వెతికినా అంబిగకి వంక దొరకలేదు. ఇష్టం లేకపోయినా ఊఁ అంది.

ఆ డబ్బాని ముత్యాలు ఏమంటాడోనని అందరూ కాచుకున్నారు. ఆయన దాన్నొకసారి తట్టి చూశాడు. ఏమీ అనలేదు.

బిగించడానికి గంట పడుతుంది. బావాబావమరదులిద్దరూ బయట ఫోను కవర్ల కొట్టు ముందు నిలబడ్డారు. కవిన్ స్క్రూడ్రైవర్ తిప్పుతూ, నొచ్చుకున్న మొహంతో అంబిగని అడిగాడు: "మీ అంకుల్‌కి నామీద కోపమా? పోయిన వారం ఒక్కరే వచ్చారు, ఎంత బాగా మాట్లాడారో!"

"ఎవరు? మావయ్యా?"

"ఆ కుర్చీలోంచి లేస్తేనా! ఆట మొదలెట్టి, కారుని గోడకి గుద్ది, మళ్ళీ మొదలెట్టి. ఆ లైట్లని పసిపిల్లని చూసినట్టు చూశారు. మా మేనకోడలు దీనిమీద ఇళ్ళు కడతాదని పక్కనున్న కస్టమర్లందరికీ చెప్పారు. తర్వాత ధర అడిగారు. అది వినగానే కుర్చీలోంచి లేచారు. అప్పుడు, తక్కువలో ఇదే పని చేసేది ఏదైనా చూడమన్నారు. ఆ మూలనున్న డబ్బా పక్కన పెట్టించింది ఆయనే. ఈవేళ నేనెవరో తెలీనట్టు ఇలా తిడతారేంటి?"

అంబిగ అద్దంలోంచి బయటికి చూసింది. మావయ్య ఒక్కో ఫోను కవరూ ఎత్తి వెక్కిరిస్తున్నాడు. నాన్న తెగ నవ్వుతున్నాడు. అన్ని షాపుల మధ్య, ఏదీ కొనలేనివాడిలా కాక, ఏదీ నచ్చనివాడిలా దర్జాగా నిలబడి ఉన్నాడు.

ఆ పిల్ల కవిన్ చెవిలో ఏదో చెప్పి బయటికొచ్చింది.

"మావా, నువ్వు షాప్‌లో ఉండు. మన కార్డ్ మార్చేస్తారేమో, చూడాలి. నాన్న, నేను కడుపుకింత మకన్ చేసి వస్తాం."

"నాకూ ఆకలేస్తంది గుంటా."

"నీకు పార్సెల్ తెస్తాను లా. పో!"

ఎస్కలేటర్ మీద అచ్చయ్యకి గుర్తొచ్చింది. "మావయ్యకి ఏటి కావాలో అడగనేదే?"

"వెనక్కి తిరక్కు నాన్నా, పడిపోతావు," అని అంబిగ ఆయన భుజం పట్టుకుని, తను మాత్రం తిరిగి చూసింది.

అద్దాల వెనక ఎరుపూ నీలం లైట్లు తిరుగుతున్నాయి. ముత్యాలు ఎర్ర కుర్చీలో నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒళ్ళంతా ఎడమకి వంచేశాడు. నల్ల డబ్బా నేలమీద తెరుచుకునే ఉంది. కవిన్ స్క్రూడ్రైవర్ గాల్లో ఊపుతూ అరుస్తున్నాడు.

"బ్రేక్, అంకుల్! బ్రేక్!"