గ్లవ్ బాక్సు వెనక పెద్ద స్క్రూ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో, నందిగామలో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో చేరాను. మొదట సీట్ల కుట్టుపని, తర్వాత డ్యాష్‌బోర్డు. షెడ్డు సుందరరావు మేస్త్రిది. ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఇంజను, రంగు ఆయన చూసేవారు. కారు లోపలి పని, అంటే సీట్లు, తలుపుల అట్టలు, డ్యాష్‌బోర్డు, రెండో ఏడాదికి పూర్తిగా నాకు అప్పగించారు. కళ్లు సహకరించక బాబాయ్ షెడ్డు మూసేశాక ఆ పని వదిలి, ఇప్పుడు కంచికచర్లలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. ఆడపిల్లకి కార్ల షెడ్డులో పనేమిటని ఇక్కడ చాలామంది అడుగుతారు. నోటితో చెప్పడం నాకు చేతకాదు గనుక ఒక్క కారు గురించి రాస్తున్నాను.

అది జగ్గయ్యపేటలో రిటైరైన హెడ్మాస్టరు ప్రకాశరావుగారి తెల్ల అంబాసిడర్. ఆయన మనవరాలి పెళ్లి. పెళ్లికూతురు ఆ బండిలోనే చర్చికి రావాలని ఆయన పట్టు. శుభలేఖలు పంచేటప్పుడు కూడా అదే చెప్పుకున్నారట.

పాత కారు డ్యాష్‌బోర్డు విప్పడం సులువు, తిరిగి పెట్టడమే పని. ముందు వైరింగ్ కట్టను క్లిప్పులతో రేకుకి అదిమి పెట్టాలి. తర్వాత మీటర్లు, స్పీడోమీటరు కేబులు, స్విచ్‌లు. ఆ తర్వాత పక్క సీటు ముందుండే గ్లవ్ బాక్సు, రేడియో పలక, చివరికి కింది ట్రే. వరస తప్పితే చెయ్యి దూరదు. స్క్రూలన్నీ ఒక డబ్బాలో పోయడం మా దగ్గర అలవాటు. నేను మాత్రం ఒక అట్టముక్క మీద డ్యాష్‌బోర్డు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే గుచ్చేదాన్ని. బాబాయ్ దాన్ని నా ముగ్గు అనేవారు.

పెళ్లి రోజు పొద్దున్నే మాస్టారు పట్టుపంచెతో షెడ్డుకి వచ్చారు. పెళ్లి జరిపించే పాస్టరుగారిని వెంట తెచ్చారు, బండి కదిలేముందు ప్రార్థన చేయించడానికి. నేను కింది ట్రే బిగించి, చివరగా బ్యాటరీ ఎర్త్ వైరు తగిలించబోతూ అలవాటుగా అట్ట చూశాను. ఒక పొట్టి స్క్రూ ఇంకా గుచ్చే ఉంది. గ్లవ్ బాక్సు పై మూలది. ఆ బాక్సు బిగించింది బాబాయ్, నేను మీటర్ల దగ్గర ఉన్నప్పుడు.

"ఒకటి మిగిలింది బాబాయ్."

"మిగిలితే జేబులో వేస్కో. పాత బండికి స్క్రూ మిగలకపోతే రిపేరు చేసినట్టే కాదు."

"ఆ చోట ఏం వేశారు?"

"చిన్నది పట్టట్లేదమ్మాయ్, బొక్క లూజైంది. డబ్బాలోంచి పెద్దది తీసి వేశా. సిమెంటు పోసినట్టు పట్టింది."

ఆ మూల వెనక నుంచే వైరింగ్ కట్ట వెళ్తుంది. దాన్ని నేనే అక్కడ అదిమి పెట్టాను. అందులో ఒకటి తాళం తీసేసినా కరెంటు పారే వైరు, దారిలో ఫ్యూజు ఉండదు. పెద్ద స్క్రూ మొన దాని తొడుగులో దిగి ఉంటే, కుదుపులకి ఒరుసుకుని ఎప్పుడో ఒకప్పుడు రాగి తగులుతుంది. అప్పుడు హైవే మీద, లారీల మధ్య, డ్యాష్‌బోర్డు వెనక మంట.

బాబాయ్ ఆ స్క్రూ ఊడదీసి ఇక పోనిమ్మన్నారు. తీస్తే సరిపోదు, అది లోపల ఏం చేసిందో చూడాలన్నాను. చూడాలంటే ట్రే, రేడియో పలక, గ్లవ్ బాక్సు మళ్లీ విప్పాలి.

మాస్టారు నా దగ్గరకొచ్చారు. "ఏమ్మా కరుణా, అవతల పిల్ల ముస్తాబై కూర్చునుంది. సాయంత్రం తీరిగ్గా విప్పుకోవచ్చుగా?"

ఆయన వంక చూసి వాదించే ధైర్యం నాకు లేదు. ఎర్త్ వైరు రెండో కొస కూడా విప్పేసి చేత్తో పట్టుకున్నాను. అది లేకపోతే బండి స్టార్టవదు. "లోపల చూడకుండా ఇది తగిలించనండి," అన్నాను.

పాస్టరుగారే కదిలారు. "ప్రార్థనకి బ్యాటరీ అక్కర్లేదు లెండి మాస్టారూ."

"అయితే పిల్లని ఎక్కించి తోసుకెళ్లమంటారా అయ్యగారూ?"

అంతలో పెళ్లికూతురు ఫోన్ చేసింది. మాస్టారు పక్కకెళ్లి ఏదో చెప్పి వచ్చారు. పిల్ల కోసం అద్దె కారు పిలిపిస్తున్నారట. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రయాణించే వాళ్లని కాపాడమని, పని చేసే చేతుల్ని ఆశీర్వదించమని అడిగారు. మాస్టారు అందరికంటే ముందే ఆమెన్ అనేసి, పట్టుపంచె ఎగగట్టి పాస్టరుగారి బైక్ వెనక కూర్చున్నారు. నా వైపు చూడలేదు.

ట్రే తీశాను, పలక తీశాను, గ్లవ్ బాక్సు దించాను. టార్చి వేసి చూస్తే ఆ వైరు తొడుగు మీద మొన దిగిన గుంట ఉంది. రాగి కనపడలేదు.

బాబాయ్ తల దూర్చి చూశారు. "తెగలేదుగా?"

"తెగలేదు."

"మరి?"

ఆ చోట టేపు చుట్టి, వైరింగ్ కట్టను పక్కకి జరిపి మరో క్లిప్పు వేశాను. వదులైన బొక్క వెనక నట్టు పెట్టి పొట్టి స్క్రూనే బిగించాను. ఎర్త్ వైరు తగిలించాక ఒక్కో స్విచ్ వేసి చూశాను. బాబాయ్ బండి నడిపారు. మేం జగ్గయ్యపేట చేరేసరికి పెళ్లి అయిపోయింది. చర్చి మెట్ల మీద ఫొటోలు తీస్తున్నారు.

మాస్టారు ఎదురొచ్చారు. "చర్చికి తేవాల్సిన బండిని చర్చి నుంచి తీసుకెళ్లడానికి తెచ్చావమ్మా," అన్నారు. కోపం తగ్గలేదు. పిల్ల కారు దిగేటప్పుడు తన చెయ్యి పట్టుకోవాలనుకున్నారట. ఆయన బైక్ మీద చేరేసరికే ఆమె లోపలికి వెళ్లిపోయింది. కొత్త దంపతులు ఇంటికి మాత్రం అంబాసిడర్‌లోనే వెళ్లారు.

ఆ రోజు విప్పకుండా పంపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏళ్ల తరబడి ఏమీ కాకపోయి ఉండవచ్చు, మొదటి గుంతలోనే రాగి తగిలి ఉండవచ్చు. ఈ పనిలో జరగకుండా ఆపినదానికి రుజువు ఉండదు. మన వల్ల జరిగిన ఆలస్యం మాత్రం అందరికీ కనపడుతుంది. అది తెలిసే విప్పాలి. ఆ తర్వాత షెడ్డులో ఏ కారు డ్యాష్‌బోర్డు మూసినా, ఎర్త్ వైరు తగిలించే పని బాబాయ్ నాకే వదిలేశారు. స్క్రూలు మాత్రం ఆయన డబ్బాలోనే పోసేవారు.