ఏరి పారేసిన నిమ్మకాయలు

లవంగం వాసన తగిలితే ఇప్పటికీ అక్కడ నిలబడలేను. పెళ్లిళ్లలో బిర్యానీ ముట్టను. ఏళ్ల తరబడి అందరితో "నాకు పడదండీ" అని చెబుతూ వచ్చాను. నాకు పడనిది లవంగం కాదు. మీరెవరో నాకు తెలియదు, కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ల్యాబులో తాత్కాలిక ఉద్యోగిని. కోసిన నిమ్మకాయలకు బూజు పట్టకుండా రసాయన మందుల బదులు లవంగనూనె పనికొస్తుందా అని చూడడం మా పని. నూనె కలిపిన నీళ్లలో కాయలు ముంచి, ఆరబెట్టి, పెట్టెల్లో సర్ది రోజూ చూసేదాన్ని. గాజుపళ్లెంలో పెంచిన బూజును నూనె చక్కగా ఆపింది. పెట్టెల్లో మాత్రం అక్కడక్కడా పచ్చబూజు. ల్యాబు నడిపే సార్ రాకముందే ఆ కాయలు ఏరి పారేసి, మంచివి పెట్టేదాన్ని. అవి రాలి దెబ్బతిన్న కాయలు, లెక్కలోకి రావు అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? నమ్మితే సార్ వచ్చేలోపు ఆ కంగారెందుకు? ఫలితం బాగుంటేనే నా ఉద్యోగం ఇంకో ఏడాది సాగుతుంది. అదీ అసలు సంగతి.

మా పెదనాన్నకు పెదవేగి దగ్గర నిమ్మతోట. ఆ ఏడాది ఏలూరు మార్కెట్లో రేటు పడిపోయి ఆయన దిగులుగా ఉన్నారు. మా చర్చిలో కోతపండుగకు ఎవరి పంట వాళ్లు తెచ్చి అర్పిస్తారు, ప్రార్థన అయ్యాక వాటిని వేలం పాడతారు. నేను లవంగనూనెలో ముంచిన కాయల బుట్ట పట్టుకెళ్లాను. అందులోనూ ఏరినవే. పెదనాన్న పట్టుబట్టి ఆ బుట్ట పాడుకుని, నిగనిగలాడే కాయలు పైకెత్తి "మా అమ్మాయి కనిపెట్టిందండీ!" అని అందరికీ చూపించారు. నేను సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నాను.

రేటు పెరిగాక అమ్ముదామని ఆయన నేను చెప్పిన కొలతతో నూనె కలిపి కోతంతా నూనె నీళ్లలో ముంచి షెడ్డులో పోశారు. ఆయన తోటలో కాయను గెడకర్రతో దులిపి నేలమీద ఏరుతారు. ప్రతి కాయకీ ఎక్కడో ఓ దెబ్బ. నేను పారేసినవి సరిగ్గా అలాంటివే! చేత్తో కోసి, దెబ్బతగలనివే ముంచండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనాలంటే పారేసినవాటి సంగతి బయటపెట్టాలి. నోరు మెదపలేదు.

కబురందుకుని వెళ్లేసరికి షెడ్డులోంచి పచ్చటి బూజు పొడి లేస్తోంది. పెదనాన్న కుళ్లిన కాయలను పారతో ట్రాక్టర్లోకి ఎత్తుతున్నారు.

"నేనే సరిగ్గా కలపలేదమ్మా. నీ పేరు కూడా పాడుచేశాను."

తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. "పోనీలెండి పెదనాన్నా" అన్నాను. పోనీలెండట! తప్పు నాది, క్షమించింది కూడా నేనే. ఎంత సిగ్గులేని నోరు నాది?

ఉద్యోగం నిలబడింది. ఆయనకు మాత్రం తన చేతి మీద నమ్మకం పోయింది. అంతకుముందు చుట్టుపక్కల తోటలకు కూడా మందు కలిపిచ్చిన మనిషి, తన తోటకే "నా కొలత నమ్మకండర్రా, మీరే కలపండి" అని పక్కవాళ్లను పిలిచేవారు. ఆ మాట పెద్దమ్మ నవ్వుతూ చెప్పినప్పుడల్లా నేను మాట మార్చేసేదాన్ని.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. ఈ వేసవి కాయను మళ్లీ లవంగనూనెతో నిలవ పెడతారట. "ఈసారి నువ్వొచ్చి కలుపమ్మా" అన్నారు. మళ్లీ షెడ్డు, మళ్లీ ఆ పచ్చపొడి. అంతా చెప్పేశాను, ఏ మాట ముందో ఏ మాట వెనకో తెలియకుండా.

ఆయన వెళ్లి బోరు మోటారు కట్టేసి మళ్లీ ఫోన్ అందుకున్నారు.

"అయితే అప్పుడు నేను సరిగ్గానే కలిపానన్నమాట."

"సరిగ్గానే కలిపారండి."

ఫోన్ పెట్టేశారు. అప్పటినుంచి నేను చేస్తే ఎత్తడం లేదు. ఎత్తుతారని ఆశ కూడా లేదు. నిన్న పెద్దమ్మ మాత్రం మాట్లాడింది, ముభావంగానే. తోటకు మందు ఆయనే కలుపుకుంటున్నారట.