గిరిబాబు పగటినిద్ర

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో గిరిబాబు రైల్వే క్వార్టర్ ఎక్కడని అడిగితే నంబరు ఎవరూ చెప్పరు. "ఆ సద్దులేని కొంపేనా?" అని ఎదురు అడుగుతారు.

గిరిబాబు రైల్వేలో ఫిట్టరు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో బండి చక్రాల మధ్య బతికాడు, తండ్రీ అంతే, ఈయనా అంతే. మిగతావాళ్లు రాత్రి డ్యూటీ పడితే ముఖం వేలాడేస్తారు. ఈయన మాత్రం బతిమాలి మరీ రాత్రే వేయించుకుంటాడు. రాత్రి అయితే పెత్తనం చేసేవాళ్లు తక్కువ. పని తెమిలాక ఏ బోగీ చాటు నుంచో ఈయన గురక వినిపిస్తుందని తోటివాళ్లే నవ్వుకుంటారు. అక్కడ పడుకుని వచ్చినవాడికి ఇంటికొచ్చి మళ్లీ ఇంత నిద్ర దేనికని ఎవరికైనా అనుమానం రావాలి. ఆ ఇంట్లో మాత్రం ఆ మాట అడిగే నోరు ఎవరికీ లేదు.

పొద్దున్నే ఆయన మంచమెక్కాడంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాల్సిందే. భార్య గంగాభవాని కుక్కర్‌ని అటకెక్కించి ఎన్నేళ్లయిందో. విజిల్ వింటే అయ్యగారికి తలపోటు వస్తుందట! పప్పు గిన్నెలోనే పొద్దెక్కేదాకా ఉడకాలి. తోమిన గిన్నెలు గోనెపట్టా మీద బోర్లించాలి. తలుపు గొళ్లేనికి పాతగుడ్డ చుట్టి ఉంటుంది. కూతురు మీనాకుమారి నడక నేర్చిన కొత్తలో అమ్మమ్మ మువ్వల పట్టీలు పెడితే, గిరిబాబు ఆ సాయంత్రమే ఊడదీయించాడు. ఆ పిల్ల మాటలు నేర్చుకోవడమే గుసగుసగా నేర్చుకుంది. ఎక్కాలూ పాఠాలూ పెదాలు కదుపుతూ చదివింది. ఏడుపొస్తే తలగడలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. రాత్రి డ్యూటీ ఇళ్లల్లో పిల్లలు అణిగిమణిగి ఉండడం ఈ కాలనీలో మామూలే. కానీ ఆ తండ్రులు వారం తిరిగేసరికి పగటి డ్యూటీకి మారతారు, పిల్లలు ఆ వారమంతా గొంతులు చించుకుని కసి తీర్చుకుంటారు. మీనాకి ఆ వారం ఎప్పుడూ రాలేదు.

ఇందులో మరీ ఒళ్లు మండించే సంగతి ఒకటుంది. తన నిద్ర కోసం పెట్టిన ఈ కర్ఫ్యూకి గిరిబాబు 'చదువుల వాతావరణం' అని పేరు పెట్టుకున్నాడు. పెట్టుకుని ఊరుకున్నా బాగుండేది. సెలవు రోజు సాయంత్రం ఝపటాపూర్‌లో బుజ్జిబాబు కిరాణా కొట్టు ముందు బల్ల మీద కాళ్లు చాపుకుని ఉపన్యాసం మొదలుపెట్టేవాడు.

"ఇల్లంతే ఎలాగుండాల బుజ్జీ? మా ఇల్లునాగుండాల. సూది పడ్డా ఇనబడాల. అందికే మా గుంట క్లాసులో ముందుంతాది. ఆ తీతుగాడి కొంప సూసినావా? అది ఇల్లా, సంతా? ఆ గోలలో సదువెలాగొత్తాది?"

బుజ్జిబాబు బెల్లం తూస్తూ "అవునవును" అనేవాడు. ఎవరేమన్నా అవుననడం అతని వ్యాపారం.

తీతు పక్క క్వార్టర్‌వాడు. ఆసుపత్రిలో గాయాలకి కట్లు కట్టే డ్రెస్సర్. రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. తీతు భార్య ఆలిస్ ఆదివారం బడి పిల్లల్ని పోగేసి బైబిలు వాక్యాలు అప్పజెప్పిస్తుంది, చర్చిలో ఆఖరి బెంచీ ముసలమ్మకి కూడా వినపడాలని దబాయిస్తుంది. కొడుకు టోని హార్మోనియం మీద పడి కొడతాడు. వాళ్లింట్లో చేప వేగినా ఊరంతటికీ వినపడుతుంది. గిరిబాబు దృష్టిలో అది మనుషుల ఇల్లే కాదు. గోడకి ఆనించి మంచం వేసుకున్నవాడు ఆ మంచం అవతలికి జరుపుకోవచ్చు కదా! అబ్బే, గోడే జరగాలి.

హిజ్లీ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చినప్పుడల్లా పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ గేటు బయట టీకొట్ల దగ్గర కుర్రాళ్లూ అమ్మాయిలూ చేతులూపుకుంటూ వాదించుకోవడం కనిపించేది. ఒకడు ఇటుక ముక్కతో రోడ్డు మీద ఏదో గీస్తే ఇంకొకతె కాలితో చెరిపేసి వేరే గీసేది. గిరిబాబు పెదవి విరిచేవాడు. దేశమంతా మెచ్చే చదువు ఇదా, వీళ్లకి ఇంట్లో అదుపూ ఆజ్ఞా లేదా అనుకునేవాడు. పుస్తకం మూసి నోరు తెరిచినవాడు చెడిపోయినట్టేనని ఆయన తీర్పు. వాళ్లు దేని గురించి వాదించుకుంటున్నారో ఆగి విన్న పాపాన పోలేదు.

మీనా మాత్రం నిజంగానే బాగా చదివింది. రాత పరీక్ష ఏది పెట్టినా ఆమె కాగితం చూసి మాస్టార్లు మెచ్చుకున్నారు. డిగ్రీ అయింది. రైలెక్కి వెళ్లే యూనివర్సిటీలో భూగోళం ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. గిరిబాబు ఛాతీ రెండింతలైంది. పిల్ల కష్టమంతా తన ఖాతాలో వేసుకుని తిరిగాడు. ఇంతకీ ఆ పిల్ల ఏం చదువుతోందో ఒక్క ముక్క ఆయనకి తెలియదు.

ఆఖరి సంవత్సరం సెమినార్ వచ్చింది. కంసావతి నది ఒడ్డు ఎలా కోసుకుపోతోందో మీనా ఎండలో తిరిగి కొలిచి రాసింది. రాసినది అందరికీ నచ్చింది. ఇక గది నిండా జనం ముందు నిలబడి చెప్పాలి, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగినవాటికి జవాబివ్వాలి. అది దాటితేనే ఎమ్మెస్సీ. అది దాటలేదు.

ఆ సంగతి మర్నాడు పొద్దున్న గిరిబాబు డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతుంటే గంగాభవాని చెప్పింది. అలవాటు కొద్దీ గొంతు తగ్గించి చెప్పింది. ఆయన రెండుసార్లు "ఏటీ?" అని అడగాల్సి వచ్చింది.

"గుంట నోరు తెరిసినాదట. గాలే వచ్చినాదట గానీ మాట రానేదట. ఆ పెద్దాయన మంచోడేనట. చెవి దగ్గర సెయ్యెట్టుకుని 'ఏక్టూ జోరే బోలో' అని మల్లీ మల్లీ అడిగినాడట, కొంచెం గట్టిగా సెప్పమ్మా అని. అన్నీ తెలుసు దానికి. గొంతే నేదు. వచ్చే నెలలో ఇంకొక్కసారి పిలుత్తారట. అదీ పోతే ఏడాది పోతాది."

గిరిబాబు టీ గ్లాసు ఠక్కున పెట్టాడు. ఆ ఇంట్లో చప్పుడు చేసే హక్కు ఆయనకొక్కడికే ఉంది.

"ఆ ముసిలోడికి చెవుడు. దానికి మనమేటి సేత్తాం? ఇంట్లో ఇంకా సద్దెక్కువైపోయింది, అదీ అసలు రోగం. పిల్లకి బుర్ర నిలబడ్డం నేదు."

అని, ఆ వైద్యుడు తనకి తోచిన మందు వేశాడు. కిటికీకి పాత కంబళి కట్టించాడు. గంగాభవానిని పగలు కూర తరగడం కూడా పెరట్లో పెట్టుకోమన్నాడు. ఇంత చేశాక పిల్ల పాసవకపోతే అది పిల్ల తప్పేనని నిశ్చింతగా పడుకున్నాడు. చీకటి గదిలో మీనా పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చుంది. గంగాభవాని గుమ్మంలో నిలబడి ఆ పెదాలనే చూసింది. ఇన్నేళ్లూ మొగుడి నిద్రకి కాపలా కాసిన మనిషికి, ఆ కాపలా కూతురి మెడకి చుట్టుకుందని అప్పుడు తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. పిల్ల రెక్క పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లిపోయింది.

"ఆలిస్సూ, నీ పిల్లలకి నేర్పినట్టే దీనికీ నేర్పు. సదువు దానికొచ్చు. అరవడమే రాదు."

ఆలిస్ నవ్వలేదు. మీనాని వంటగది గుమ్మంలో నిలబెట్టి తను వెనక వసారాలో చాట ముందేసుకుని కూర్చుంది. "సెప్పమ్మా. నాకు ఇంగిలీసు రాదు గానీ ఇనబడిందో నేదో తెలుత్తాది." పిల్ల మొదలుపెట్టింది. ఆలిస్ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే "ఇనబడ్నేదు" అంది. మళ్లీ. "ఇనబడ్నేదు." పట్టాల మీద గూడ్సు బండి వెళ్తుంటే కూడా ఆపనివ్వలేదు. మొదట్లో మీనాకి గొంతు బొంగురుపోయి రాత్రి వేడినీళ్లు తాగాల్సి వచ్చింది. తన గొంతు తన చెవిన పడితేనే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసేది. అయినా రోజూ వెళ్లింది. గోడకి ఇవతల గిరిబాబు హాయిగా గుర్రు పెట్టాడు.

రెండో సెమినార్ ఇంక వారం ఉందనగా, ఓ మధ్యాహ్నం గిరిబాబు ఉలిక్కిపడి లేచాడు. గోడ అవతల ఎవరో ఆడపిల్ల గడగడా ఇంగ్లీషులో దంచేస్తోంది. మధ్యలో కంసావతి అంటోంది, ఇసుక అంటోంది, మళ్లీ ఇంగ్లీషు. తడబాటు లేదు, బెదురు లేదు. గిరిబాబుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవుర్తదే ఆ నోరు? మైకు గాని మింగినాదా? ఆడపిల్లేనా అది? కనీసం సిగ్గుండొద్దూ!"

గంగాభవాని ఆయన వంక ఒక చూపు చూసింది. ఆ చూపులో భయం లేకపోవడం ఆయన నిద్రమత్తులో గమనించలేదు.

"ఎల్లి సూసుకో" అంది.

బనీనూ లుంగీతోనే వెళ్లాడు. గేటు దగ్గర నుంచే కేకలు మొదలుపెట్టాడు. "ఏటి చెల్లెమ్మా, డ్యూటీ మనుసులు తొంగోవాలా అక్కర్నేదా? ఎవుర్తె ఆ గుంట? ఏ ఇంటిది? దానికి అయ్యా అమ్మా నేరా?" అంటూ గుమ్మంలో కాలు పెట్టాడు.

వంటగది గుమ్మంలో మీనా నిలబడి ఉంది. గడ్డం పైకెత్తి, రెండు చేతులూ వదిలేసి, ఆయనకి తెలియని మనిషిలా ఉంది. తండ్రిని చూసింది. మాట మధ్యలో గొంతు ఆగిపోయింది. పెదాలు మాత్రం ఆగలేదు. ఆ మిగతా వాక్యమంతా సద్దు లేకుండా కదిలి పూర్తిచేసి, అప్పుడు మూసుకున్నాయి.

మూకుట్లో చేపముక్క తిరగేస్తున్న తీతు తలెత్తలేదు. గిరిబాబుకి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "నువ్వేనేటే? మరి ఆగిపోనావేటి? సెప్పు. గట్టిగా సెప్పు!"

"సరే నాన్నా" అంది మీనా. ఆ రెండు మాటలూ పక్కనే నిలబడ్డ ఆయనకే వినపడలేదు.

ఆలిస్ చాట పక్కన పెట్టి లేచింది. "అన్నయ్యా, కోపం తెచ్చుకోకు. నువ్వు ఇంటికెల్లిపో. పిల్లకి పై వారం పరీచ్చ."

ఎదుటివాళ్ల ఇంట్లో నిలబడి ఎగరడానికి కూడా దమ్ము కావాలి. గిరిబాబు వెనక్కి తిరిగి వచ్చి మంచమెక్కాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎంతసేపైనా అవతల నుంచి మాట రాలేదు. కోరుకున్న నిశ్శబ్దం కోరుకున్నంత దొరికింది, నిద్ర మాత్రం రాలేదు. లేచి కూర్చున్నాడు.

"సదవడం మానేసినాదేటి?"

"గోడకి ఇవతల నువ్వు మెలకువగున్నావని తెలిసినంతసేపూ దానికి గొంతు రాదు" అంది గంగాభవాని. మామూలు గొంతుతో, వీధిలోకి వినపడేలా అంది.

"మరి నన్నేటి సెయ్యమంతావు?"

"సొక్కా ఏసుకుని ఎటైనా ఎల్లు. సీకటడ్డాక రా."

ఒంటికాలి మీద లేచే మనిషే. మొదటిసారి లేవలేదు. చొక్కా వేసుకున్నాడు, సైకిల్ బయటికి తీశాడు. మిట్టమధ్యాహ్నం వీధిలో ఆయన్ని చూసి రెండు మూడు ఇళ్లవాళ్లు వింతగా తొంగిచూశారు. తీతు ఇల్లు దాటేటప్పుడు బండి చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని నడిచాడు. అయినా అవతల సద్దు లేదు. వీధి మలుపు తిరిగి, కుళాయి దాటి, గోడ నీడలో ఆగాడు.

అప్పుడు వచ్చింది గొంతు. నది గురించి, ఇసుక గురించి, ఏటేటా కోసుకుపోతున్న ఒడ్డు గురించి. ఒక్క ముక్క ఆయనకి అర్థం కాలేదు. దగ్గరికి వెళ్లి వినాలనిపించింది, వెళితే ఆగిపోతుంది. ఇరవైరెండేళ్లు ఒకే కప్పు కింద పెంచిన కూతురి గొంతు ఎలా ఉంటుందో, పరాయివాడిలా వీధిలో దాక్కుంటే గాని గిరిబాబుకి తెలియలేదు.