తూకం బావగారి ముల్లు

ఎంత దగ్గరివాళ్ళనైనా సరే, తూకం బావగారు తూచకుండా కారెక్కనివ్వరు. లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం చేసి ఆయన రిటైరయ్యారు గానీ, కాటా ఆయన్ని వదల్లేదు. డిక్కీలోంచి గుండ్రటి తూకం మిషను తీసి గేటు ముందు పెడతారు. ఒక్కొక్కర్నీ ఎక్కించి, కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూస్తారు. ముల్లు ఇంకెవరూ చూడకూడదు.

టైలరింగ్ షాపు నడిపే మరదలికి ఈ తూకమంటే లోలోపల ఇష్టమే. రోజంతా ఊళ్ళోవాళ్ళ నడుములు కొలిచే మనిషికి, "అదే బరువు! పెళ్ళినాటి బరువే!" అని వీధంతా వినపడేలా అరిచే బావ ఉంటే చేదా?

ఆ రోజు ఆమె కూతురు మొదటిసారి నాటకంలో రాణి వేషం వేస్తోంది. కారులో సీట్లు ఐదు. గేటు దగ్గర మనుషులు ఆరుగురు: బావగారు, అక్క, మరదలు, మరదలి భర్త, రాణిగారు, అమ్మమ్మ.

"పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరి. కాస్త సర్దుకుందాం అన్నయ్యా," అన్నాడు భర్త.

"రాణి ఒళ్ళో కూర్చోదు!" అంది కూతురు.

"ఒడి సీటు కాదు తమ్ముడూ, దానికి బెల్టుండదు. బరువెక్కువైతే బ్రేకు వేసినచోట బండి ఆగదు," అన్నారు బావగారు.

"పోలీసులు పట్టుకుంటే జరిమానా నేను కడతాలెండి."

"కట్టు. ఆ రసీదు చూపిస్తే ఎదురొచ్చే లారీ ఆగుతుందా?"

"నేనుండిపోతాలే. ఈ మోకాళ్ళతో నాకెందుకర్రా నాటకాలు?" అంది అమ్మమ్మ. పొద్దున్నించీ కొత్త చెప్పులేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి.

"ఎవరుండాలో ముల్లు చెబుతుంది," అని బావగారు తూకం మొదలెట్టారు. తోడల్లుడి వంతు రాగానే గుండె పట్టుకున్నారు. "అమ్మో! నువ్వు బస్సుకే!"

"పోయినసారీ నేనే కదా బస్సులో వెళ్ళింది!"

"అప్పటికీ ఇప్పటికీ తగ్గావా మరి?"

సణుక్కుంటూ అతను బస్టాపు వైపు నడిచాడు. బావగారు కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే, మరదలు రాణిగారి దుస్తుల పెట్టె తెచ్చి మిషను మీద పెట్టింది. ముల్లు కదల్లేదు. పెట్టెతో సహా తనూ ఎక్కింది. అయినా కదల్లేదు.

"బావగారూ! ఇది పనిచెయ్యడం లేదు!"

"మెల్లిగా! ఎప్పుడో పాడైందమ్మా."

"మరి మా ఆయన?"

"ఇదివరకు చోటు చాలనప్పుడల్లా ఈ ఇంట్లో ఆగిపోయేదెవరు? మీ అమ్మగారే. మనం అనక్కర్లేదు, ఆవిడే అనేస్తారు. నేను కాదంటే వాదన. ముల్లు చెప్పిందంటే ఎవరికీ మారుమాటుండదు."

మరదలికి కళ్ళు చెమర్చబోయాయి. అంతలో ఇంకో అనుమానం పొడుచుకొచ్చింది.

"అయితే... నా పెళ్ళినాటి బరువు?"

బావగారు టైర్లలో గాలి చూడ్డానికి వంగారు.

ఇంతలో అమ్మమ్మ వచ్చి, చేతిసంచీతో సహా మిషనెక్కి నిలబడింది. "నన్ను తూచలేదేం అల్లుడుగారూ?"

"దూదిపింజ! ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోండి, గాలికెగిరిపోతారు."

మర్నాటి నించి భర్త రెండోసారి వడ్డించుకోవడం మానేశాడు. పాపం అనిపించినా మరదలు ముల్లు సంగతి ఇంతవరకూ బయటపెట్టలేదు. పెడితే తన పెళ్ళినాటి బరువూ పోతుంది మరి.