హై అన్నాడు

పద్నాలుగేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

అప్పుడు నాకు పదహారేళ్లు. మాది సూరత్‌లో మగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబం. నవాగామ్‌లో రెండు గదుల ఇల్లు. నాన్న అప్పోసొప్పో చేసి నన్ను పెద్ద స్కూల్లో వేశాడు. అక్కడ ఫ్రెంచో జపనీసో ఏదో ఒకటి తీసుకోవాలి. అందరూ ఫ్రెంచ్ అంటున్నారని నేను జపనీస్ తీసుకున్నాను. ఏడాది తిరక్కుండానే నా గొప్పలకు అంతులేదు. బస్తీలో ఎవరు ఎదురైనా నడుము వంచి జపనీస్‌లో పలకరించేదాన్ని. నాన్న మురిసిపోయేవాడు.

ఆ ఏడే నాన్న పనిచేసే కార్ఖానాకు సేఠ్ జపాన్ నుంచి పాత మగ్గాలు తెప్పించాడు. బిగించడానికి ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. ఆయన మాటలను హిందీలో చెప్పే మనిషి ఆ రోజు రాలేదు. మా బిడ్డకు వస్తుంది సేఠ్ అని చెప్పి, నాన్న నన్ను యూనిఫాంలోనే తీసుకెళ్లాడు.

మగ్గాల మోతలో సేఠ్ అడగమన్నది ఒక్కటే. పోగు తెగితే మెషిన్ ఆపకుండా చేయి పెట్టి తీయొచ్చా? ఆపితే గుడ్డ తక్కువ దిగుతుందని ఆయన బాధ. నేను కూడబలుక్కుంటూ అడిగాను. సగంలో ఉండగానే ముసలాయన తలూపి ‘హై’ అన్నాడు. హై అంటే జపనీస్‌లో అవును. హిందీలో హై అంటే ‘ఉంది’ కాబట్టి సేఠ్ చెవికీ అది ఒప్పుకున్నట్టే వినబడింది. నేను చెప్పకముందే ఆయన నవ్వేశాడు.

ముసలాయన మాత్రం ఆగలేదు. ఇంకా ఏవేవో చెప్పాడు. ఏమంటున్నాడని సేఠ్ అడిగితే, జాగ్రత్తగా పెట్టమంటున్నాడన్నాను. ఆ మాట నేనే పుట్టించాను.

అక్కడే పనిచేసే రాజన్న మామ ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. మా పక్కింటాయన.

“బిడ్డా, నిజంగ గట్లనే అన్నడా? నడుస్తుండంగనే చెయ్యి పెట్టొచ్చునా?”

“అవ్ మామా. హై అన్నడు గద, నువ్వు ఇనలేదా?”

“నాకేం ఎరుక. సదువుకున్నదానివి, నువ్వు చెప్తె సాలు.”

మూడు వారాలకు ఆయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

తర్వాత క్లాసులో టీచరమ్మ చెప్పింది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే జపాన్‌వాళ్లు హై, హై అంటుంటారు, అది ఒప్పుకోవడం కాదు, వింటున్నామని చెప్పడం అని. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ ఇదే. చిన్నపిల్లను, తెలియక తప్పు చెప్పాను.

అబద్ధం. ముసలాయన చెప్పిన వాటిలో ఒక మాట నాకు తెలుసు. ‘దమే’. కూడదని అర్థం. మేం అల్లరి చేసినప్పుడల్లా టీచరమ్మ అనేది అదే. ఆయన రెండుసార్లు అన్నాడు, చెయ్యి అడ్డంగా ఊపాడు కూడా. విన్నాను. చూశాను. కానీ అప్పటికే సేఠ్ నవ్వేశాడు, నాన్న అందరివంకా గర్వంగా చూస్తున్నాడు, ఇప్పుడు కాదంటే నాకేమీ రాదని తేలిపోతుంది, అప్పుడు నా పరువేం కావాలి? ఒక మనిషి చేతికంటే నా పరువు ఎక్కువైందా? ఎక్కువైంది. అంతే.

నిర్లక్ష్యమని సేఠ్ రాజన్న మామను పనిలోంచి తీసేశాడు. నేను మాట్లాడలేదు. మామ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా, బిడ్డ జాగ్రత్తగా పెట్టుమన్నది, నేనే పెట్టలే అని అందరికీ చెప్పుకుంటాడు. నేను పుట్టించిన మాటతో ఆయన తనను తానే తిట్టుకుంటున్నాడు.

ఇప్పుడు నేను సూరత్‌లోనే, పర్వత్ పాటియాలో పిల్లలకు జపనీస్ నేర్పుతున్నాను. పోయిన వారం మామ తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నీ అంతటిది కావాలె అన్నాడు. సీట్లు లేవని చెప్పాను. ఖాళీ కుర్చీలు ఆయనకు కనబడుతూనే ఉన్నాయి. సరే బిడ్డా అని వెళ్లిపోయాడు. ఆ పిల్ల దమే అనే మాట నేర్చుకుంటుందని, ఇంట్లో అంటుందని, ఆ మాట ఎక్కడ విన్నాడో ఆయనకు గుర్తొస్తుందని నా భయం. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే, ఎవరిదో చూసుకుని గానీ ఎత్తడం లేదు.

ఇదంతా రాస్తే భయం పోతుందనుకున్నాను. పోలేదు. కాస్త ఊపిరి మాత్రం ఆడుతోంది. ఇందాకే ఆ పిల్లకు ఫోన్ చేశాను. సోమవారం రమ్మన్నాను. వాళ్ల నాన్ననూ తీసుకురమ్మన్నాను, ఆయనకు ఒక మాట చెప్పాలని.